ఏడు సెకండ్ల గొంతు

ఘుగ్గుస్, చంద్రపూర్ జిల్లా
19 నవంబరు 1995

చెల్లె గిరిజకు, అన్న సమ్మన్న రాసేది.

ఇక్కడ బొగ్గు దుమ్ము క్షేమం, ఆ దుమ్ముల మేం క్షేమం. మీ వదిన గంగవ్వ నిన్ను అడిగినట్టు రాయమన్నది. రాసిన.

మీ గొంతు పరీక్షల క్యాంపు అయిపోయి పదకొండు రోజులైంది. నువ్వు జీపెక్కి పోయినంక, నాతోని గనిల పనిచేసే ఎల్లన్న నా దగ్గరికి వచ్చి, "హైదరాబాద్ మేడం మస్తు కడక్ ఉన్నది, నవ్వనే నవ్వది" అన్నడు. నేను ఒప్పుకున్న. ఆ మేడం చిన్నప్పుడు నా వీపు మీద ఎక్కి బజార్ దాక పోయేదని చెప్పలే. చెప్పద్దని నువ్వన్నవ్ గద. అయితే ఒక మాట అంట, కోపం చెయ్యకు. లైన్ల నా వంతు వచ్చినప్పుడు నువ్వు కాయితం మీదికెల్లి తల ఎత్తకుంటనే "ముప్పై ఒకటి, రండి" అన్నవ్ సూడు, నాకు నవ్వాగలే. నా చెల్లె నన్ను రండి అన్నది. ఈ జన్మల అది వింటననుకోలే.

ఫోన్ ఎందుకు చెయ్యవని అడిగినవ్. ఎస్టీడీ బూత్ ముందటికెల్లి లారీలు పోతనే ఉంటయి. నా బొంగురు గొంతు నీకు సగం వినబడది, ఆ సగం కోసం నేను ఒర్రాలె. దానికంటె ఇదే నయం. నువ్వు మంచిర్యాల హాస్టల్‌కెల్లి సెలవులకు వచ్చినప్పుడు నేర్పిన అక్షరాలు ఇవి. మరాఠీ బడిల చదివినోనికి ఇదే ఎక్కువ. తప్పులుంటె దిద్దుకో.

ఇగ సంగతి. మీ దవాఖాన పంపిన కాయితాలు చూసి ఆఫీసోళ్ళు నోటీసు బోర్డు మీద ఒక లిస్టు పెట్టిన్రు. ఇరవై మూడు పేర్లున్నయి. నాది ఉన్నది. నా పేరు ముందట ఏడు అని రాసిన్రు. నన్ను గనిలకు దిగనిస్తలేరు, పైన లాంపు రూంల కూసోబెట్టిన్రు. దిగేటోళ్ళకు టోపీ లాంపులు ఇచ్చుడు, ఎక్కినంక తీస్కొనుడు. సుఖమైన పని. నా గురించి ఫికర్ చెయ్యకు.

ఊరికెనే అడుగుతున్న. ఏడు అంటె ఏంది?

నీ అన్న
సమ్మన్న


హైదరాబాద్
2 డిసెంబరు 1995

అన్నకు, గిరిజ నమస్కరించి వ్రాయునది.

"రండి" అనక ఏమనాలి? నేను నీ చెల్లెల్నని అక్కడ తెలిస్తే, మా అన్నకు ఎక్కువ వేసిందని ఒకరు, పరాయివాళ్ళకు తక్కువ వేసిందని ఇంకొకరు అంటారు. తెల్లకోటు వేసుకున్నాక నేను ఎవరికీ చెల్లెల్ని కాను. నువ్వు ఎగతాళి చేస్తావని తెలుసు, అయినా చెబుతున్నాను.

ఏడు అంటే ఇదీ. గొంతులో రెండు సన్నటి తెరలుంటాయి. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు అవి దగ్గరికి చేరి అదురుతాయి, ఆ అదురే గొంతు. నిండా ఊపిరి పీల్చి 'ఆ' అని ఒక్క తీరుగా ఎంతసేపు పట్టగలరో సెకండ్లలో లెక్కిస్తాం. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు పదిహేను, ఇరవై దాకా పడతారు. పదికి తగ్గితే తెరలు సరిగ్గా మూసుకోవడం లేదని, గాలి జారిపోతోందని అనుమానించాలి. నీది ఏడు. నీ గొంతు రెండేళ్ళుగా బొంగురుగా ఉంది, కాబట్టి నాకేం ఆశ్చర్యం కలగలేదు.

మీ గనిలో కింద పనిచేసే వాళ్ళందరిదీ దాదాపు ఇదే పరిస్థితి. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు అంకెలతో చూపించాం. మాస్కులు ఇవ్వాలని, లోపల తాగేనీళ్ళు పెట్టాలని, ఏడాదికోసారి పరీక్ష చేయాలని రిపోర్టులో నేనే రాశాను. మా డాక్టర్ ఫణికుమార్ గారు మెచ్చుకున్నారు. మరో మూడు గనుల వాళ్ళు క్యాంపులు పెట్టమని అడిగారు. మా ఆసుపత్రి పెట్టి రెండేళ్ళు కూడా కాలేదు, ఇది చిన్న సంగతి కాదు.

నువ్వు తంబాకు మానెయ్. నీళ్ళు బాగా తాగు. గట్టిగా అరవకు. లాంపు రూంలో దుమ్ము తక్కువ కాబట్టి నీకు అదే మంచిది. కొలత కొలతే, అన్నయ్యా. దానికి అన్నా చెల్లెలూ ఉండరు.

వదినకు నా నమస్కారాలు.

గిరిజ


ఘుగ్గుస్
7 జనవరి 1996

గిరిజకు.

నీ జాబు అంది నెల దాటింది. రాయకపోతె మా అన్న మంచిగనే ఉన్నడు అనుకుంటవని ఊకున్న. ఇగ ఊకోను.

లాంపు రూం సుఖమైన పని అని రాసిన, అది అబద్ధం. సర్దార్ పని ఏందో నీకు ఎరికనే. ఒక జాగల ముప్పై మంది పనిచేస్తె ఆ ముప్పై మందికి నేను జవాబు. పై బండ కదిలితె, మందు పేల్చే ముందట, "బయటికి రాండ్రి" అని ఒర్లుడు నా పని. గొంతు లేని సర్దార్ కింద పనికిరాడని మా మేనేజర్ సాహేబ్ అన్నడు. అది కరెక్టే, నేను కాదన. అయితె లిస్టుల ఉన్నోళ్ళకు పైన పనులు లేవు. మార్చి ముప్పై ఒకటి దాక ఆగుతరట. అప్పటికి ఇరవై మూడు మందిమి "మా ఇష్టంతోని నౌకరి ఇడుస్తున్నం" అని కాయితం మీద సంతకం పెట్టాలె. ఈ రెండు మూడేండ్లసంది అంతట ఇదే నడుస్తున్నది, మనుషులను తక్కువ చేసుడు. మొన్నటిదాక ఎవర్ని తియ్యాలెనో వాళ్ళకు సమజ్ కాకుంటుండె. ఇప్పుడు నీ అంకెలు దొరికినయి.

మాస్కులు రాలే. నీళ్ళు రాలే. నీ రిపోర్టుల నుంచి వాళ్ళు ఒక్క పేజీ చింపుకొని మిగిలింది పక్కన పెట్టిన్రు.

గంగవ్వకు చెప్పిన. బియ్యం కడుక్కుంట, "గిరిజనే కొలిచిందా" అని ఒక్క మాట అడిగింది. నేను ఔ అన్న. కడిగిన నీళ్ళు పారబోసి బియ్యం ఎసట్ల పోసింది.

లాంపు రూంల గోడ గడియారం ఉన్నది, దానికి సెకండ్ల ముల్లు ఉన్నది. దాని ముందట నిలబడి నేను 'ఆ' పట్టి చూసిన. పదహారు వచ్చింది. తెల్లారి పట్టిన, పదహారు. మూడో రోజు పదిహేను. నీ దగ్గర ఏడు, నా దగ్గర పదహారు. ఈ రెండిట్ల నేను ఏది?

మా పని ఒకటి చెప్త ఇను. షిఫ్టు మొదలు కాంగనే నేను కర్ర పట్టుకొని పై బండను కొట్టి చూస్త. గట్టి బండ అయితె ఖంగుమంటది. పొర ఇడిసిన బండ అయితె డొల్ల సప్పుడు చేస్తది. ఒక్క దెబ్బ కొట్టి ఎన్నడు చెప్పం. మూడు జాగలల్ల మూడు దెబ్బలు కొడ్తం. అనుమానం ఉంటె ఇంకో సర్దార్‌ను పిలిపిచ్చి ఆయనతోని కొట్టిస్తం, ముందట నేను ఏమనుకున్ననో ఆయనకు చెప్పకుంట. రాయి సంగతే గట్ల చూస్తం. నువ్వు మనిషిని ఎన్ని దెబ్బలు కొట్టి చూసినవ్? ఒక్కటి. నాకు యాదికున్నది, ఒక్కసారి ఆ అనిపిచ్చి పొమ్మన్నవ్. ఒక్క దెబ్బతోని బండను చూసెటోన్ని మేము గనిలకు రానియ్యం.

సమ్మన్న


హైదరాబాద్
16 జనవరి 1996

అన్నకు.

నీకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. నేను ఆరేళ్ళు చదివి, నాలుగేళ్ళుగా రోజూ గొంతులే వింటున్నాను. గోడ గడియారం ముందు నిలబడి తన గొంతు తనే కొలుచుకునే మనిషి తనకు కావలసిన అంకె దగ్గరే ఆగుతాడు. అది నీ తప్పు కాదు, ఎవరైనా అంతే. నీ ఉద్యోగం పోతుందని నాకు తెలియదు. తెలిసినా నీ ఏడును నేను పదిహేను చేసేదాన్ని కాదు. ఆ మాట నీకు నచ్చకపోయినా సరే.

18వ తేదీ

పైన రాసింది రెండు రోజులు పోస్టు చెయ్యకుండా బ్యాగులో పెట్టుకుని తిరిగాను. చింపెయ్యకుండా అలాగే పంపుతున్నాను, నేను ఏం రాశానో నీకూ తెలియాలి.

మూడుసార్లు కొలవాలి, అన్నా. మా పుస్తకంలోనే ఉంది. మొదటిసారి మనిషికి ఏం చెయ్యాలో సరిగ్గా అర్థం కాదు, రెండోసారి, మూడోసారి పెరుగుతుంది. ఇక్కడ క్లినిక్‌లో నేను ఎప్పుడూ మూడుసార్లే తీసుకుంటాను. మీ దగ్గర ఎనభై నాలుగు మంది ఉన్నారు, అయిదింటికి జీపు వెళ్ళిపోతుందన్నారు. అందుకని ఒక్కసారే తీసుకున్నాను. రిపోర్టులో ఆ మాట రాయలేదు.

నువ్వు కొలుస్తానంటే పద్ధతిగా కొలువు. నిన్ను మాత్రమే కాదు, లిస్టులో వచ్చినవాళ్ళందరినీ కొలువు. రోజూ ఒకే వేళకు, నిలబెట్టి, మూడుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆపి. మూడూ రాయి, మంచిదొక్కటే రాయొద్దు. కొలిచే మనిషి గడియారం తప్ప ఇంకేమీ చూడొద్దు, మాట్లాడొద్దు. పదిహేను రోజులు చేసి పంపు. దాని వల్ల ఏమవుతుందో నాకు తెలియదు. ముందు చూద్దాం.

గిరిజ


ఘుగ్గుస్
11 ఫిబ్రవరి 1996

చెల్లె గిరిజకు.

ఇరవై మూడు మందిల పద్నాలుగు మంది వచ్చిన్రు. మిగిలినోళ్ళు "అయ్యేదేదో అయితది" అని ఇంట్ల కూసున్నరు. వచ్చినోళ్ళను పదిహేను రోజులు లాంపు రూంల నిలబెట్టి కొలిచిన. సాహేబ్ ఒకరోజు వచ్చి ఇదేం భజన అని అడిగిండు. గొంతు కసరత్తు సార్ అన్న. నవ్వుకుంట పోయిండు.

కాయితాలు ఇందుల పెట్టిన, మనిషికొకటి. ఎల్లన్నది చూడు: పద్నాలుగు, పదకొండు, పదిహేను. తెల్లారి పన్నెండు, పదహారు, పదమూడు. పడిశం పట్టిన రోజు తొమ్మిదికి దిగిండు, తగ్గినంక మల్ల పదిహేను. శంకరయ్య పెద్దమనిషి ఎనిమిదికి, పదకొండుకు నడుమ తిరుగుతుండు. మిగిలినోళ్ళు పన్నెండుకు పైననే. నాది పదహారు, పదహారు, పదిహేను.

ఇప్పుడు అసలు ముచ్చట చెప్త, కుర్చీల కూసొని చదువు.

మొన్న బుధవారం ఎల్లన్న ఆ పడుతుండు, నేను గడియారం దిక్కు చూస్తున్న. నెత్తి మీది గూట్ల రిజిస్టర్ ఉంటె తీద్దామని చెయ్యి లేపిన. ఎల్లన్న టక్కున నోరు మూసిండు. ఏమైందిరా, ఎందుకు ఆపినవ్ అన్న. "నువ్వే గదనే చెయ్యి ఎత్తినవ్" అన్నడు. అప్పుడు నాకు యాదికొచ్చింది. నీ ముందట నేను గూడ అట్లనే ఆపిన. నువ్వు చెయ్యి ఎత్తినవ్, గిరిజా. ఎడమ చెయ్యి.

నీకు సమజ్ కావాలంటె కింద ఎట్ల ఉంటదో చెప్పాలె. నేను కర్రతోని బండను కొట్టే ముందట చెయ్యి ఎత్తుత. చెయ్యి లేచిందంటె ఎవడు ఏం అంటున్నా ఆపాలె, మాట సగంల ఉన్నా నోరు మూయాలె, దగ్గు వచ్చినా మింగాలె. ఆ సప్పుడు నేను వినకపోతె అందరం పోతం. దిగిన మొదటి రోజే నేర్పేది ఇది. ఇరవై ఏండ్లు చేసినంక అది మన చేతులుండది, చెయ్యి కనబడంగనే గొంతు దానంతట అదే ఆగుతది. ఆగినమన్న సంగతి గూడ తెల్వది.

లిస్టుల ఉన్నోళ్ళను ఇంటింటికి పోయి అడిగిన. ఇరవై మంది "మేడం చెయ్యి ఎత్తింది, ఆపినం" అన్నరు. ఇద్దరు యాదికి లేదన్నరు. క్యాంపుకు వచ్చినోళ్ళల్ల లిస్టుల లేని కింది మనుషులు ఇద్దరే. ఒకడు సీతారాం, భజనల పాడెటోడు, కండ్లు మూసుకొని గాని గొంతు ఎత్తడు. ఇంకోడు ప్రశాంత్, అంతకు నెల ముందట వర్క్‌షాపుకెల్లి కిందికి మారినోడు. వానికి ఇంక అలవాటు కాలే.

నువ్వు చెయ్యి ఎందుకు ఎత్తినవ్?

సమ్మన్న


హైదరాబాద్
20 ఫిబ్రవరి 1996

అన్నా,

ఆ రోజు స్టాప్‌వాచ్ పనిచెయ్యలేదు. చేతి గడియారంతో చూశాను. మీ డిస్పెన్సరీలో కరెంటు లేదు. పక్కన ఊర్జానగర్ థర్మల్ స్టేషన్ పొయ్యిల్లో దేశానికంతా కరెంటు తయారవుతుంటే మీ గదిలో దీపం లేదని నవ్వుకున్నాను కూడా. ముల్లు కనబడక కిటికీ వెలుతురులోకి చెయ్యి ఎత్తాను.

నీ జాబు రాగానే మా దగ్గర పనిచేసే దివ్యను ఎదురుగా నిలబెట్టి, అదే గడియారంతో, లైట్లు ఆర్పి కొలిచాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. "అక్కా, ఆరో సెకండు దగ్గర నీ ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తోంది, అరచెయ్యి నా వైపే ఉంటోంది" అంది. తర్వాత క్యాంపు కాయితాలు బయటికి తీశాను. కింద పనిచేసేవాళ్ళు ఇరవై అయిదు మంది. అందులో ఇరవై మూడు మందికి ఆరు, ఏడు, ఎనిమిది. ఇంకో అంకె లేదు. పైన పనిచేసే యాభై తొమ్మిది మంది పది నుంచి ఇరవై నాలుగు దాకా చెదిరి ఉన్నారు. సీతారాం పంతొమ్మిది. ప్రశాంత్ పదిహేడు. ఇరవై మూడు గొంతులు ఒకే తీరుగా చెడిపోవు. అంకెలు అంత దగ్గరగా ఉంటే అనుమానించాలని నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకు నేనే చెబుతాను. నేను మాత్రం దుమ్ము వల్ల అనుకున్నాను. గనిలో పనిచేస్తే గొంతు పోతుందని ముందే నమ్మి వచ్చాను కదా.

నేను కొలిచింది మీ గొంతును కాదు, అన్నా. మీ క్రమశిక్షణను.

ఫణికుమార్ గారికి చెప్పాను, లిస్టులో మా అన్న ఉన్నాడని కూడా. ఆయన కాయితాలన్నీ తిరగేశారు. ఇప్పుడు రిపోర్టు వెనక్కి తీసుకుంటే మిగతా మూడు క్యాంపులూ పోతాయని, ఆసుపత్రి మాట ఎవరూ నమ్మరని అన్నారు. నేను పట్టు వదల్లేదు. చివరికి ఒక మాట చెప్పారు: గుమాస్తా పొరపాటు అని రాసి మీ అన్నగారి పేరు ఒక్కటీ తీయించేస్తాను, నువ్వు ఇక దీన్ని కదపకు అని. నెలాఖరులోగా నువ్వు మళ్ళీ కిందికి దిగొచ్చు. నువ్వు ఏమంటావో చెప్పు.

ఇంకొకటి కూడా అడగాలి. నువ్వు పంపిన కాయితాల్లో అందరి అంకెలూ కదులుతున్నాయి, ఎల్లన్నవి అయిదారు సెకండ్లు అటూ ఇటూ ఊగాయి. నిజంగా కొలిచినవి అలాగే ఉంటాయి. నీవి పదిహేను రోజుల పాటు పదహారు, పదహారు, పదిహేను. నీవి కదలవెందుకు?

గిరిజ


ఘుగ్గుస్
27 ఫిబ్రవరి 1996

గిరిజా,

పట్టుకున్నవ్.

ఆ పదహారు అబద్ధం. మొదటి రోజు గడియారం ముందట నిలబడితె తొమ్మిది వచ్చింది. తెల్లారి ఎనిమిది. ఒక్కనాడు పదకొండు వచ్చింది, ఆనాడు గంగవ్వకు చెప్పి సంబురపడ్డ. నా కాయితం అసలుది ఇప్పుడు పంపుతున్న, దీంట్ల అన్ని ఉన్నయి. అబద్ధం ఎందుకు రాసినవంటె రెండు కారణాలు. ఒకటి, నాది తొమ్మిది అని రాస్తె నువ్వు "చూసినవా, నేను చెప్పిందే కరెక్టు" అని ఆ కాయితాలన్ని పక్కకు పెడ్తవనుకున్న, నాతోని ఎల్లన్నోళ్ళు గూడ మునుగుతరు. రెండోది సిగ్గు. ముప్పై మందిని ఒక్క కేకతోని బయటికి తెచ్చినోన్ని నేను. ఇప్పుడు గంగవ్వను వంటింట్లకెల్లి పిలిస్తె ఆమెకు వినబడది. రెండేండ్లసంది ఈ సంగతి నాకు ఎరికనే, ఎవ్వలకు చెప్పలే.

ఇగ నీ ప్రశ్నకు జవాబు. నా పేరు ఒక్కటి తియ్యద్దు. రోజు పొద్దుగాల లాంపు రూం కిటికీల నుంచి మనుషులకు లాంపులిచ్చెటోన్ని నేను. నేను ఒక్కన్నే దిగి, ఎల్లన్న ఇంటికాడ కూసుంటె, ఎక్కినంక ఆయన మొఖం ఎట్ల చూడాలె? పైగ ఆ లిస్టుల కిందికి దిగరానోడు ఎవడన్న ఉంటె అది నేనే. మీ డాక్టర్ సాహేబ్ సరిగ్గ తప్పు మనిషిని ఎంచుకున్నడు.

నేను చెప్పేది ఇను. ముందుగాల నేను నీ అన్ననని మా ఆఫీసోళ్ళకు నువ్వే చెప్పు. తర్వాత తెలిస్తె అంత పాడైతది. రెండు, మల్ల కొలవమని రాయి, అందరిని. మూడు, నువ్వు కొలవద్దు. ఇంకో సర్దార్ వచ్చి కొట్టాలె, నువ్వు ఏమనుకున్నవో ఆయనకు తెల్వద్దు. మల్ల కొలిస్తె అందరు ఎక్కుతరు, నేను కిందనే ఉంటనేమో. ఉంటె ఉంట. అయినా కొలవాలె.

మిగిలినోళ్ళు చెయ్యి చూసి ఆపిన్రు. నేను గూడ చెయ్యి చూసే ఆపిన. చెయ్యి లేకపోతె ఎంత దూరం పోదునో నాకు తెల్వాలె.

అన్న


హైదరాబాద్
21 మార్చి 1996

అన్నా,

రాసిన. మన ఇంట్ల మాట్లాడినట్టే రాస్తున్న, ఇయ్యాల పుస్తకం భాష నాతోని అయితలేదు.

రిపోర్టుల నా అంకెలు తప్పని, ఒక్కసారే కొలిచిన్నని, నా చెయ్యి చూసి మనుషులు ఆపిన్రని, లిస్టుల పదకొండో పేరు మా అన్నదని, నాలుగు పేజీలు రాసి సంతకం పెట్టి ఒకటి ఫణికుమార్ గారికి, ఒకటి మీ గని పెద్ద డాక్టరుకు, ఒకటి మీ యూనియన్‌కు పంపిన. గుమాస్తా పేరు ఎక్కడ రాయలే, తప్పు నాదే. నన్ను క్యాంపుల పని నుంచి తీసేసిన్రు. క్లినిక్‌ల ఉంచుతరో లేదో జూన్‌ల చెప్తరట. చెప్పనియ్యి. నాకు పని వచ్చు, ఇంకోకాడ చేసుకుంట.

ఇంకో సంగతి బయటపడ్డది. గొంతు ఎంత గరుకుగ ఉన్నదో చెవితోని విని సున్నా నుంచి మూడు దాక మార్కులు వేస్తం. నీ మాట యాదికొచ్చి నా చెవిని గూడ పరీక్షించుకున్న. దివ్యతోని ఇరవై గొంతులు టేపుల ఎక్కిపిచ్చి, అవే గొంతులు మల్ల వరుస మార్చి ఎక్కిపిచ్చిన. నాకు పేర్లు తెల్వవు. పొద్దున ఒకటి వేసిన గొంతుకే మధ్యాహ్నం రెండు వేసిన, ఇరవైల ఆరింటికి. రెండో మనిషి వింటె ఇంకా తేడా వచ్చింది. నాలుగేండ్లసంది నేను వేసిన మార్కులు చూసి మనుషులు మందులు మింగిన్రు, ఆపరేషన్లు చేయించుకున్నరు. ఈ సంగతి గూడ ఆ నాలుగు పేజీలల్ల పెట్టిన.

మీ పెద్ద డాక్టర్ ఒప్పుకున్నడు. యూనియన్ గట్టిగ నిలబడ్డదట, నేను జతచేసిన మీ కొలతల కాయితాలు చూపెట్టిన్రట. ఏప్రిల్ ఎనిమిది, తొమ్మిది తారీఖులల్ల చంద్రపూర్‌ల మల్ల కొలుస్తరు. నాగ్‌పూర్ నుంచి ఇద్దరు వస్తరు, ఒకరు కొలిచింది ఇంకొకరికి చూపియ్యరు. రెండు రోజులు, మూడేసిసార్లు. పాత అంకెలు వాళ్ళకు ఇయ్యలే. అప్పటిదాక ఎవ్వరు సంతకం పెట్టే పని లేదు. పదికి తగ్గినోళ్ళను గూడ నౌకరి నుంచి తియ్యద్దని, గొంతుకు వైద్యం చేపిచ్చి మూడు నెలలకు మల్ల చూడాలెనని రాసిన, దానికి గూడ ఒప్పుకున్నరు.

కొలిచెటోళ్ళ కోసం ఒక పేజీ సూచనలు రాయమంటె రాసిన. మొదటి లైను: కొలిచే మనిషి రెండు చేతులు బల్ల మీద ఆనిచ్చి పెట్టాలె, అయిపోయేదాక లేపద్దు.

నేను రాను. వస్తె నీ ముందట నిలబడలేను. ఆ రోజు నిన్ను రండి అన్నదానికి కాదు, తల ఎత్తకుంట అన్నదానికి నాకు బాధగ ఉన్నది. తల ఎత్తి చూసి ఉంటె నువ్వు నా చెయ్యి దిక్కే చూస్తున్నవని ఎరికయ్యేది.

గిరిజ


ఘుగ్గుస్
14 ఏప్రిల్ 1996

చెల్లె గిరిజకు,

ఇరవై ఒక్క మంది శుక్రవారం నుంచి దిగుతుండ్రు. లాంపులు నేనే ఇస్త. ఎల్లన్న తన లాంపు తీస్కొని కిటికీ ముందట నిలబడి, నా మొఖం మీద మొఖం పెట్టి ఆ అని ఒర్రిండు, ఎనక లైన్ల ఉన్నోళ్ళు లెక్క పెట్టిన్రు. పదిహేడు. వాని భార్య నర్సక్క నీకు జొన్నరొట్టెలు పంపుతనన్నది. హైదరాబాద్ చేరేసరికి అవి పలకలైతయని చెప్పిన, ఇంటలేదు. నువ్వు నా చెల్లెవని ఇప్పుడు అందరికి ఎరికనే. "నవ్వని మేడం నీ చెల్లెనా" అని అడుగుతుండ్రు. ఔ, మా ఇంట్ల నవ్వేది నేను, పనిచేసేది ఆమె అని చెప్తున్న.

మిగిలింది శంకరయ్య, నేను.

నాగ్‌పూర్‌కెల్లి వచ్చినాయన మంచోడు. రెండు చేతులు బల్లకు అతికిచ్చినట్టు పెట్టుకొని కూసున్నడు, ముక్కు మీద ఈగ వాలినా కొట్టుకోలే. నేను గోడ దిక్కు చూసుకుంట పట్టిన. మొదటి రోజు తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. తెల్లారి ఇంకో ఆమె కొలిచింది, తొమ్మిది, తొమ్మిది, పది. ఇద్దరి కాయితాలు పక్కపక్కన పెట్టి నాకు చూపిచ్చిన్రు. వాళ్ళిద్దరు నా దిక్కు చూసిన్రు. నేనే "సరే సాహేబ్, సరిపోయింది" అన్న.

బాధ లేదా అంటె ఉన్నది. ఇంటికొచ్చి గంగవ్వ ముందట కూసొని ఏడ్చిన, నీకు చెప్తె ఏంది. ఆమె నా వీపు రాసుకుంట, "ఇప్పుడన్న చూపించుకుంటవా" అన్నది. రెండేండ్లసంది ఆమె అడుగుతున్నదట. నేనే ఇంటలేనట.

నీ ఏడును నేను నమ్మలే, గిరిజా. నా పదహారును నేనే నమ్మలే. ఈ తొమ్మిదిని నమ్ముతున్న. ఇద్దరు మనుషులు రెండు రోజులు ఆరుసార్లు కొట్టి చూసిన బండ ఇది, పొర ఇడిసింది, నాకు ఎరికైంది. ఎరికైతె కింద కట్టె దిమ్మ పెట్టి నిలబెట్టుకోవచ్చు. ఎరిక కాకపోతెనే మీద పడేది.

తంబాకు డబ్బా మొన్ననే గంగవ్వ చేతుల పెట్టిన. ఎన్ని రోజులుంటదో రోజు కాయితం మీద రాస్తున్న, అబద్ధం లేకుంట. వచ్చే నెల పదో తారీఖు బల్లార్షాల రైలెక్కుత, శంకరయ్యను గూడ తెస్త. మా ఇద్దరి గొంతులు మీ దవాఖానల చూపియ్యి. జూన్‌ల నిన్ను ఉంచుతరో తీస్తరో, మే నెలల అయితె అక్కడనే ఉంటవ్ గద. మూడు నెలలైనంక మల్ల కొలువాలె. ఆ కొలుచుడు ఇంకోళ్ళను చెయ్యనియ్యి, నువ్వు నా పక్కన నిలబడు.

ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పాలెనని ఈ జాబు రాస్తున్న. ఇరవై రెండేండ్లసంది ఎవరి చెయ్యో ఒకరిది లేస్తనే ఉన్నది, నేను ఆపుతనే ఉన్న. మొన్న చంద్రపూర్‌ల ఎవ్వలు చెయ్యి ఎత్తలే. నా ఊపిరి ఎంత దాక ఉన్నదో అంత దాక పోయి, ఆగిన.

అన్న
సమ్మన్న